వెనక చక్రాల కింద దిమ్మలు

మా ఆయన వెండెల్‌కి మూత్రపిండాల్లో రాళ్లు. రోజుకి మూడు లీటర్ల నీళ్లు తాగాల్సిందేనని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఈ సంగతికి రెండేళ్ల ముందు యూటాలో నీళ్లకి కటకటై ఓ రాయి కదిలింది. ఏళ్ల తరబడి గుర్రాలకి నాడాలు కొట్టిన మనిషి, మేం కాపురముండే వ్యాను నేల మీద పురుగులా మెలికలు తిరిగాడు. ఆ కేక నా చెవుల్లోంచి ఇంకా పోలేదు.

అందుకే ఆ జనవరి పొద్దున సింకు కొళాయి పగిలి ఉండటం చూడగానే ముందు ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయో చూశాను. అప్పుడు అరిజోనా ఎడారిలో మకాం. ముందురోజు వాగు పొంగి దారి తెగింది. దారి పూడ్చే యంత్రం రావడానికి రెండు రోజులు పడుతుందని అవతలి గట్టు నించి కౌంటీ రోడ్ల ఆఫీసు మనిషి కేకేసి చెప్పి వెళ్లాడు. చుట్టుపక్కల ఇంకో బండి లేదు, ఫోను పలకదు. ట్యాంకులో ఉన్నవి ఇరవై లీటర్లు. ఆ ట్యాంకేమో వెనక మంచం కింద బిగించి ఉంటుంది, కొళాయి లేకపోతే నీళ్లు పట్టుకునే దారి లేదు.

రాత్రి చలికి లోపలి నీళ్లు గడ్డకట్టి కొళాయి మెడ చీలింది. నేను నీళ్ల మోటారు స్విచ్చి కట్టేశాను. మోటారు ఆపితే నీళ్లు రావని మాలా బండ్లలో బతికేవాళ్లకి ఓ ధీమా. ఎవరిదో పాత ట్రైలరు విప్పేటప్పుడు అడిగి తెచ్చుకున్న కొళాయి ఒకటి ఉండనే ఉంది. వెండెల్ సింకు కింద వెల్లకిలా దూరి పాతదాని నట్టు విప్పాడు.

నీళ్లు ఆగలేదు. బొళబొళా వచ్చి ఆయన మొహం మీదే పడ్డాయి.

"మోటారు ఆపలేదే నువ్వు!"

ఆపానయ్యా అంటే నమ్మడు. స్విచ్చి రెండుసార్లు చూశాను, ఆపే ఉంది. పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టాడు. కొత్త కొళాయి ఎక్కించాలంటే వేలు తియ్యాలి, తీస్తే గ్లాసుడు పోతాయి. గిన్నె పెడదామంటే ఆ ఇరుకులో పట్టదు. పోయినవి పోయినట్టే పైపులు దిగే కంతలోంచి ఇసుకలోకి జారిపోతున్నాయి. చన్నీళ్లకి ఆయన వేళ్లు కొంకర్లు పోయి మరలు ఒకటి పట్టుకుంటే ఒకటి తప్పుతోంది. మంచం కింద చూస్తే ట్యాంకు సగానికి దిగింది.

పానా ఇమ్మన్నాడు, ఒక్క తిప్పుకి బిగించేస్తాట్ట. నేనివ్వనన్నాను. ప్లాస్టిక్ మరలు చేత్తోనే బిగించాలి, ఇదీ చీలితే ఇంకోటి లేదు.

"ఇరవై ఏళ్లు నాడాలు కొట్టాను, నాకు నువ్వు నేర్పుతావా?"

"గుర్రం తంతే నీకే తగిలేది. ఇది చీలితే ఇద్దరికీ తగుల్తుంది."

ఏదో గొణిగాడు. అప్పుడు చూశాను నేల మీది తడి. కంతలోకి పోగా మిగిలింది పాయలా డ్రైవరు సీటు వైపు పోతోంది. బండి ఆపగానే కాఫీకంటే ముందు చక్రాల కింద దిమ్మలు పెట్టడం మా అలవాటు. తల ఎత్తుగా ఉంటే ఆయనకి నిద్ర పడుతుందని వెనక చక్రాలకి రెండేసి పెట్టాను. అంటే ట్యాంకు ఎత్తున, కొళాయి పల్లాన. నీళ్లకి మోటారెందుకు?

"వేలు తియ్యకు, బండి కదుపుతున్నా."

"నేనిక్కడ పడుకునుంటే?"

"పడుకునే ఉండు. తల మాత్రం సింకు తలుపుకి కొట్టుకోకు."

దిమ్మల మీద నించి చక్రాలు ధబ్బున దిగాయి. లోపల ఒక తిట్టు వినబడింది, అంటే ప్రాణం ఉంది. ముందున్న ఇసుక మిట్ట మీదికి మెల్లిగా ఎక్కించి, బండి మూతి పైకి లేచాక ఆపాను.

"తియ్యి."

స్టీరింగు వదలకుండా వెనక్కి చెవి పెట్టాను.

"ఆగాయే, అర్డిస్," అన్నాడు నెమ్మదిగా.

కొత్త కొళాయి ఎక్కించి నట్టు చేత్తోనే బిగించాడు. మోటారు వేసి ఇద్దరం కొళాయి అతుకు మీద కళ్లు పెట్టి చూశాం, ఎక్కడా కారలేదు. ట్యాంకులో తొమ్మిది లీటర్లు మిగిలాయి. ఆయనకి ఆరు, నాకు మూడు అన్నాను. సగం సగం అయితేనే తాగుతానని భీష్మించాడు.

"నీ రాయి కదిలితే ఆ వాగు దాటించి నిన్ను మోసే నడుము నాకు లేదు. తాగు."

తాగాడు. గ్లాసు అడుగు కనబడే దాకా ఎదురుగానే నిలబడ్డాను.

మూడో రోజు పొద్దున యంత్రం వచ్చింది. దాని డ్రైవరు ఏమన్నా కావాలా అని అడిగి నీళ్ల సీసా చాపితే, వెండెల్ అందుకుని నా చేతిలో పెట్టి, మూత కూడా తనే తీశాడు.