తూర్పు మూల రాయి

గునపం మొనను రాయి పక్కన దించి, ఆమోసు దాని మీద ఒళ్లంతా వాల్చాడు. రాయి కదిలింది. దాన్ని పెకలించి ట్రాక్టరులో పడేసే పని మిగతా కూలీలది.

పామర్రు రోడ్డు పక్కన హరిబాబు వేసిన వెంచరు అది. వరిచేలో మెరకకి బుసక మట్టి తోలించి, అనుమతి ఊసు లేకుండా ప్లాట్లు అమ్మేశాడు. జరిమానా కట్టమని నోటీసులిస్తే కట్టలేదు, ఫోనూ ఎత్తలేదు. అందుకని ప్లానింగ్ ఆఫీసువాళ్లు హద్దురాళ్లు పీకించేస్తున్నారు.

వాటిని పాతిందీ ఆమోసే. పొట్టి మనిషి, గునపం మోసి మోసి కుడి భుజం కిందికి జారింది. ఎవరు పిలిస్తే వాళ్ల పనికి వెళ్లడమే అతని బతుకు.

మధ్యాహ్నానికి తూర్పు మూల రాయొక్కటే మిగిలింది. పాత కూలి బాకీ కింద హరిబాబు అతనికి రాసిచ్చిన ప్లాటు హద్దు అది. ఆమోసు తనకోసం పాతుకున్న రాయి జీవితంలో అదొక్కటే. పక్కనే చిగురేసిన మునగ కొమ్మ. ఇల్లు లేవకముందే పెరడు మొదలుపెట్టింది అతని భార్య సంపూర్ణమ్మ. పొద్దున క్యారేజీ కడుతూ, "ఇయ్యాల ఏ ఊళ్లోనయ్యా పని?" అని అడిగింది.

"ఇక్కడే," అని తప్పించుకొచ్చాడు. చెప్పలేనందుకు అతనికి పొద్దుట్నుంచీ బాధగానే ఉంది. అన్నం సగం అలాగే వదిలేశాడు.

"ఆ రాయెందుకు వదిలేశావ్?" అంది ప్లానింగ్ ఆఫీసరు రాజ్యశ్రీ.

"అది నాదండీ, మేడం గారూ."

ఆవిడ కాసేపు మునగ కొమ్మ వంక చూసింది. "ఓనరు పెనాల్టీ కడితేగానీ ఎవరి ప్లాటూ నిలవదు. ఒక్కటి వదిలినా నా మీదకొస్తుంది. మిగతావాళ్లచేత తీయించనా?"

"వద్దండీ. నేనే తీస్తానండి."

ముందు మునగ కొమ్మను వేళ్లతో సహా తవ్వి, తువ్వాలు తడిపి అందులో చుట్టి పక్కన పెట్టాడు. తర్వాత గునపం దించాడు. రాయి కదల్లేదు. సొంతమన్న మోజుకొద్దీ బాగా లోతుకు పాతి, అడుగున సిమెంటు పోసుకున్నాడు. ఆ సంగతి ఇప్పుడు చెప్పడానికి సిగ్గేసింది. మళ్లీ ఒళ్లంతా వాల్చాడు. మళ్లీ. చెమట చల్లగా పట్టింది.

"కాసేపాగండి," అని రాయికి వీపు ఆనించి కూర్చున్నాడు.

కూలీలు బీడీలు ముట్టించారు. బీడీలు అయిపోయాక ఆమోసును పిలిస్తే పలకలేదు; భుజం తడితే పక్కకు ఒరిగిపోయాడు.

కబురందుకుని సంపూర్ణమ్మ వచ్చింది. భర్తను చూసింది. రాళ్లు లేని నేలనంతా కలయజూసి, మళ్లీ భర్తను చూసింది.

"ఇక్కడే అన్నాడండీ," అంది రాజ్యశ్రీతో. ఆ తర్వాత గానీ ఏడుపు రాలేదు.

రాళ్లన్నీ కిందికి దింపేసి, అదే ట్రాక్టరులో అతన్ని ఇంటికి తీసుకెళ్లారు. చదునైన బుసకలో ఎర్రరంగు తలతో ఆ ఒక్క రాయీ నిలబడి ఉంది. దాని మొదట్లో, తడి ఆరుతున్న తువ్వాలులో మునగ కొమ్మ.