పడవ ముడి

లక్ష్మణమ్మ ఐదుగురిని కన్నది. ఐదుగురినీ ఇంట్లోనే, చాప మీదే. కాబట్టి కాన్పు సంగతి తనకు తెలిసినంత ఏ డాక్టరమ్మకూ తెలియదని ఆవిడ గట్టి నమ్మకం. అలాంటి మనిషికి కోడలు దేవి పెద్ద చిక్కే తెచ్చిపెట్టింది. డేటు దాటి పది రోజులైనా నొప్పుల జాడ లేదు. నౌపడ అవతలి పల్లె నుంచి ఆటోలో టౌను ఆసుపత్రికి తీసుకొస్తే, డాక్టరు రాధిక పరీక్ష చేసి గర్భసంచి మూతి ఇంకా తెరుచుకోలేదంది. బెలూను పెడతాం, రేపు సాయంత్రం నాలుగు దాకా చూస్తాం, కాకపోతే ఆపరేషనే అని తేల్చేసింది.

"అత్తా, కోత వొద్దత్తా," అని దేవి ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "మల్లీ సేపల గంప ఎత్తగలనేటి?"

తల్లి లేని పిల్ల. మొగుడు యుగంధర్ గుజరాత్ బోట్ల మీద వేటలో ఉన్నాడు. "కోత పడనీను. నానున్నాను కదేటి," అని లక్ష్మణమ్మ మాటిచ్చేసింది. ఇచ్చాక దడ పట్టుకుంది.

నర్సు ఉష ఓ రబ్బరు గొట్టం చూపించింది. "దీని కొసన బుడగ ఉంటుంది. లోపల పెట్టి ఉప్పునీళ్ళు ఎక్కిస్తాం. అది ఒత్తుతుంటే మూతి మెత్తబడి తెరుచుకుంటుంది. చాలినంత తెరుచుకున్నాక బుడగే జారి వచ్చేస్తుంది."

"ఏ ఉప్పమ్మా? మా నౌపడ మడుల్లో పండే ఉప్పేనా?"

ఉష నవ్వాపుకోలేకపోయింది.

బుడగని నమ్ముకుని కూర్చునే రకమా లక్ష్మణమ్మ? వాళ్ళ పల్లెలో కాన్పు కష్టమైతే ఇంట్లో ముడులన్నీ విప్పుతారు, తాళాలు తీస్తారు, మూతలు తెరుస్తారు. ఇంట్లో ఏదీ బిగిసి ఉండకపోతే కడుపూ బిగిసి ఉండదని. మర్నాడు పొద్దున్నే మొగుడు నూకయ్యకి ఫోన్ కొట్టింది.

"తాళాలు తీసీసినావా?"

"తీసీసినాను."

"డబ్బాల మూతలు?"

"తీసీసినాను. బెల్లానికి సీమలెక్కీసినాయి."

"మేక?"

"ఇప్పీసినాను. పక్కింటోల బచ్చలిపాదు మేసీసింది. ఆల్లు నన్ను తిడతన్నారు."

"తిట్టనీ. పడవ ఇప్పినావా?"

పడవంటే నూకయ్యకి ప్రాణం. సొంత తమ్ముడికి కూడా ఒక్క పూట ఇవ్వడు.

"ఒసే, మతిపోయిందేటి నీకు? ఇప్పితే సముద్రంలోకి పోతాది!"

"పోతే పోనీ! సాయంత్రం నాలుక్కి పిల్ల పొట్ట కోసెత్తారట!"

నూకయ్య టక్కున ఫోన్ పెట్టేశాడు. ముసలాడికి కోడలి కన్నా నాలుగు చెక్కలే ఎక్కువయ్యాయని లక్ష్మణమ్మకి ఒళ్ళు మండిపోయింది.

పదింటికి బుడగ జారి వచ్చేసింది.

"మేక మహిమ!" అంది లక్ష్మణమ్మ.

ఉష ఆ మాట పట్టించుకోకుండా సెలైన్‌లో నొప్పుల మందు ఎక్కించింది. అత్తగారి ఫోన్ కట్టేయించి కాన్పు గదిలో కోడలి పక్కన నిలబెట్టింది. దేవి అరిస్తే లక్ష్మణమ్మ అంతకన్నా గట్టిగా అరిచింది. మూడుంబావుకి ఆడపిల్ల పుట్టింది. కోత లేదు! లక్ష్మణమ్మ ఏడ్చింది, నవ్వింది, ఉషని ముద్దెట్టుకుంది, వార్డంతా పటికబెల్లం పంచింది. ఇంటికి కబురు చెప్పాలన్న సంగతి మాత్రం గుర్తుకే రాలేదు.

అయిదు దాటాక నూకయ్య వచ్చాడు. కాళ్ళకి బురద, ఒళ్ళంతా చెమట, చేతిలో వట్టి తాడు.

"ఎన్నిసార్లు కొట్టినా ఫోనెత్తవేటే? అప్పటికి నాలుగవతన్నాది. ఇంకేటి సేత్తాను? ఇప్పీసినాను."

"పడవా?"

"ఏటి మొగ దాటి సముద్రంలోకి పోనాది. తమ్ముడు ఎనకాల పోనాడు. దొరుకుతాదో నేదో."

ఆడా మగా అని కూడా అడగలేదు. కోడలి వైపు తిరిగి, "అమ్మా, కోత పడనేదు కదా?" అన్నాడు.

"పడనేదు మావా," అంది దేవి.

పొద్దున్న తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి లక్ష్మణమ్మకి సిగ్గేసింది.

"ఎన్నింటికి పుట్టింది?" అన్నాడు నూకయ్య.

"మూడుం..." అని ఉష మొదలెట్టేలోగా లక్ష్మణమ్మ ఆమె చెయ్యి గట్టిగా గిల్లింది.

"నాలుక్కి," అంది. "అక్కడ నువ్వు ముడి ఇప్పినావు, ఇక్కడ ఇది బయటికొచ్చీసింది."

"నాకు ముందే తెలుసు," అన్నాడు నూకయ్య. తాడు పక్కన పడేసి మనవరాలి కోసం రెండు చేతులూ చాచాడు.