మీసానికి కాపలా

బ్రేకు ఫెయిలయిందని చెప్పుకుంటున్న పెద్దమనుషులారా, ఆ మాట మింగెయ్యండి. బ్రేకు బాగానే ఉంది. గున్నయ్య కాలు నుజ్జయిందంటే, సునాబెడ బజారులో చంద్రశేఖరం మీసానికి కాపలా కాసిన ప్రతివాడికీ అందులో వాటా ఉంది. అరుగుమీద కూర్చుని నవ్విన మీకూ, ఇంట్లో నోరు కట్టుకుని కూర్చున్న మీకూ.

చంద్రశేఖరానిది కిరాణా హోల్‌సేలు. సాలూరు నుంచి సరుకు తన వ్యానులో తనే తెచ్చుకుంటాడు, పొట్టంగి ఘాటీ ఎక్కి. పక్క సీట్లో కళాసీ గున్నయ్య. మూటలెత్తడమే గున్నయ్య పని అని లోకం అనుకునేది. అసలు పని వేరు. షావుకారికి కునుకు పట్టకుండా దారి పొడుగునా వాగడం. గుణుపురంలో వాళ్ల మామ దున్నపోతు కథ ఘాటీ కింద మొదలెడితే ఘాటీ మీద కూడా అయ్యేది కాదు.

చంద్రశేఖరం పప్పు తూస్తూ తూస్తూ నిద్రపోయేవాడు. చేటలో చెయ్యి అలాగే ఉండిపోయేది. సరుకు కొనడానికొచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. రాత్రి మాత్రం నవ్వు లేదు. గురక నడిమధ్యన ఊపిరి ఆగిపోయేది. అది మళ్లీ వచ్చేదాకా భార్య కమలాంబ లేచి కూర్చుని, తన ఊపిరి బిగబట్టి చూసేది.

విశాఖపట్నం డాక్టరు పరీక్ష చేసి, నిద్రలో గొంతు మూసుకుపోతోందన్నాడు. గాలి మిషను ఇచ్చాడు. గొట్టం, ముక్కుకి మాస్కు, రోజూ రాత్రంతా. ఇచ్చేటప్పుడే ఇంకో మాట కూడా చెప్పాడు. "ఈ మీసం తీసెయ్యండి. దీనిమీద మాస్కు అతకదు. గాలి పక్కనుంచి పోతుంది."

తీసేసి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కానీ తండ్రి అప్పలనరసింహం బతికున్నాడు. తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయకూడదు.

"నాను సచ్చేక తియ్యరా నాయనా. మరెన్నాళ్లులే," అన్నాడు ముసలాయన.

బజారు ఇంకో నాలుగాకులు ఎక్కువ చదివింది. "తీసేముందు సెప్పు సేకరం. మీ నాన్నకి దండలు తెచ్చుకోవాల గదా."

మీసం నిలబడింది. మాస్కు నిలబడలేదు. పైపెదవి మీదుగా గాలి తన్నుకొచ్చి కళ్లలో కొట్టేది. పట్టీ బిగిస్తే ముక్కు దూలం మీద పుండు, వదిలితే పాము బుస. నోరు అట్టకట్టేది. ఎవరో మొహం మీద అరచెయ్యి పెట్టి నొక్కుతున్నట్టు ఉలిక్కిపడి లేచేవాడు. పగలు మెలకువగా ఉన్నప్పుడు పెట్టుకుని అలవాటు చేసుకోమన్నాడు డాక్టరు. పెట్టుకుని పేపరు చదువుతుంటే కూతురు బుజ్జి, "మనూరి విమానాల ఫ్యాక్టరీలో ఇంజన్ చేసేరు, మా నాన్న విమానం తోలతన్నాడు," అని వీధంతా చాటి వచ్చింది.

ఒక రాత్రి కమలాంబ మాస్కుని తన చేత్తో అదిమి పట్టుకుని కూర్చుంది. చెయ్యి తిమ్మిరెక్కితే రెండో చెయ్యి. తెల్లారి చంద్రశేఖరం కిటికీ దగ్గర నిలబడి, "ఇదేటే, కొండ ఇంత పచ్చగా ఉంటాదా?" అన్నాడు. అదీ నిద్రంటే. కానీ ఏ ఆడది రోజూ అలా కూర్చోగలదు? మర్నాటి నుంచి మళ్లీ పాత కథే. పడుకునేటప్పుడు పెట్టుకోవడం, కాసేపటికి పీకి మంచం కింద పడెయ్యడం. కమలాంబ చూసింది. మామగారి ముందు మీసం మాట ఎత్తలేక ఊరుకుంది.

బజారులో మాత్రం "భేషుగ్గా ఉంది" అని చెప్పుకున్నాడు. అన్ని తిప్పలూ పడి తెచ్చిన మిషను పనిచెయ్యట్లేదంటే పరువేముంది?

గున్నయ్య కూడా అడిగాడు. "నిద్దర బాగా పడతన్నాదా బాబూ?"

"బాగానా? నీ దున్నపోతు బాధ ఇరగడయింది. ఇంక నువ్వు కూడా పడుకోరా."

వెటకారానికి అన్న మాట అది. గున్నయ్య నమ్మాడు.

ఆ వారం ఉల్లిపాయల లోడుతో ఘాటీ ఎక్కుతుంటే గున్నయ్య తల వాల్చి పడుకున్నాడు. తన కళ్లు తెరిచే ఉన్నాయనుకున్నాడు చంద్రశేఖరం. మలుపులో వ్యాను తిన్నగా పోయి బండరాయిని కొట్టింది, గున్నయ్య కూర్చున్న వైపు.

కొరాపుట్ ఆసుపత్రిలో మోకాలి కింద తీసేశారు. చంద్రశేఖరం బత్తాయిలు పట్టుకుని వెళ్లాడు. నిజం చెప్పెయ్యాలనే వెళ్లాడు. గున్నయ్య ముందే చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పు నాదే బాబూ. మిషనుందని దీమాగా తొంగున్నాను. నాను కబుర్లు సెప్తే ఇలగయ్యేది కాదు."

పక్కనే అతని భార్య అమ్మన్నమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంటికాడ ఏనాడైనా ఈడి నోరు మూతపడిందా బాబూ? ఆ పూటే మూతపడాలా? నీకేటైనా అయ్యుంటే అమ్మగారికి ఏ మొకం సూపించుదుం?"

చంద్రశేఖరం నోరు తెరిచాడు. "బ్రేకు పడలేదురా," అన్నాడు. బత్తాయిలు మంచం మీద పెట్టి బస్సెక్కాడు.

ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడి, ఉన్నదున్నట్టు భార్యకి చెప్పాడు. "నాకు క్షమాపణ సెప్పేడే ఆడు," అన్నాడు.

కమలాంబకి తను ఊరుకున్న రాత్రులన్నీ గుర్తొచ్చాయి. లోపలికెళ్లి కత్తెర, రేజరు, గిన్నెలో నీళ్లు తెచ్చి మామగారి ముందు పెట్టింది. ఆయన ఎదట ఆవిడ అంత గొంతు ఎప్పుడూ ఎత్తలేదు.

"మామయ్యగారూ, ఆయన మీసం మీ చేత్తో మీరే తియ్యండి."

"నాను బతికుండగానే?"

"మీరు నూరేళ్లుండండి. గున్నయ్యకి కాలు లేదు."

ముసలాయన కొడుకు వైపు చూశాడు. గుమ్మంలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే కళ్లు మూసేసి ఉన్నాడు. గొంతులో గురక మొదలై, ఠక్కున ఆగింది. ఊపిరి లేదు. ముసలాయన కూడా బిగబట్టాడు. కొడుకు గుటక మింగినట్టు ఎగిరిపడి కళ్లు తెరిచేసరికి, తండ్రి కత్తెర అందుకున్నాడు.

"ఇది అవ్వగానే మళ్లీ కొరాపుట్ బస్సెక్కండి," అంది కమలాంబ మొగుడితో. "అమ్మన్నమ్మ వినేలాగ సెప్పండి, తప్పు నాదని. వాడు లేచేక మన గల్లా దగ్గర వాడికి కుర్చీ వెయ్యాలి, పనికి పని, జీతానికి జీతం. మీసం లేని మొహం చూసి బజార్లో ఎవరు పోయేరని అడిగితే, గున్నయ్య కాలు పోయిందని సెప్పండి. బ్రేకన్న మాట మళ్లీ ఎత్తొద్దు. ఈ రాత్రి నుంచి మాస్కు తెల్లారేదాకా ముక్కునుండాలి. నిద్ర కుదిరిందని డాక్టరు నోటితో నేను వినేదాకా వ్యాను బాగై వచ్చినా తాళం నా దగ్గరే ఉంటాది. ఇలా తెండి."