ఇంగ్లీషులో చెబితేనే

సరళ పట్టుదల సంగతి లాల్‌గడి మలక్‌పేట్‌లోని ఆ కొత్త వెంచర్‌లో అందరికీ తెలుసు. నాలుగేళ్ళ కూతురు సహస్ర వచ్చే ఏడు బడిలో చేరేలోగా ఇంగ్లీషులోనే మాట్లాడాలని ఆమె లక్ష్యం పెట్టుకుంది. ముందు విడి మాటలు, తరువాత పూర్తి వాక్యాలు, ఆ తరువాత అడిగినదానికి తడుముకోకుండా జవాబు. అందుకు ఇంట్లో ఒకటే నియమం. పిల్ల తెలుగులో ఏం చెప్పినా వినపడనట్టే ఉండాలి. దాహమన్నా సరే, కడుపునొప్పన్నా సరే. ఇంగ్లీషులో చెబితేనే తల్లి తల తిప్పుతుంది.

భర్త భానుప్రకాశ్ మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. రెండు భాషలూ కలిసే వస్తాయి కదా, పిల్లల నోరేమన్నా ఇరుకా అని ఒకసారి అడిగి చూశాడు. సరళ విరుచుకుపడింది. డిగ్రీలో చేరిన కొత్తలో తను మజ్జిగను సల్ల అన్నందుకు హాస్టలంతా పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు తన కూతురి చెవిన పడకూడదు. తెలుగెక్కడికి పోతుంది, తరువాత నేర్పుకోవచ్చు అంది. గూట్లో బోర్లించిన గిన్నె అనుకుంది కాబోలు, కావలసినప్పుడు తీసుకోవచ్చని.

సహస్రను మొన్నటిదాకా పెంచింది సరళ తల్లి బాలనర్సమ్మ, రావల్కోల్‌లో. పిల్ల నోటి నిండా ఆ అవ్వ మాటలే. ఎండాకాలంలో సరళ పిల్లను ఇక్కడికి తెచ్చేసుకుంది. మొదట్లో పిల్ల ఏడ్చింది. తరువాత తల్లి కొంగు పట్టుకుని ఒకే మాట పదే పదే చెప్పింది. ఆ తరువాత ఊరుకుంది. ఏదైనా చెప్పాలనిపిస్తే గుమ్మం దగ్గర నిలబడి, లోలోపల మాట వెతుక్కునేది. దొరక్కపోతే చెప్పకుండానే వెళ్ళిపోయేది. ఇల్లు నెమ్మదిగా ఉందని సరళ సంతోషించింది. అలాంటి నెమ్మదికి భయపడాలని ఆమెకు తోచలేదు.

ముసురు పట్టి వారమైంది. చుట్టూ ఖాళీ ప్లాట్లలో గడ్డి మోకాలెత్తు లేచింది. దీపాలు పెట్టే వేళ సరళ వంటింట్లో చపాతీ పిండి కలుపుతుంటే సహస్ర వరండాలోంచి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, పురుగు."

సరళ పిండి వైపే చూసింది.

"అమ్మా, పురుగున్నది."

సరళ నల్లా తిప్పింది. పిల్ల గొంతులో వణుకు ఆమెకు తెలియకపోలేదు. ఇప్పుడు లొంగితే ఇన్నాళ్ళ కష్టం గంగలో కలుస్తుందనుకుంది. సహస్ర నేల చూస్తూ చాలాసేపు మాట వెతుక్కుంది. చివరికి దొరికింది.

"మమ్మీ, ఇన్‌సెక్ట్."

తల్లి గిరుక్కున తిరిగి ముద్దు పెట్టుకుంది. ఎక్కడ అని ఇంగ్లీషులోనే అడిగింది. డాడీ షూలో అంది పిల్ల. అలా కాదు, పూర్తిగా చెప్పమని ఫోను ఎదురుగా పెట్టింది. "ద ఇన్‌సెక్ట్ ఈజ్ ఇన్ ద షూ" అని సహస్ర తప్పు లేకుండా చెప్పింది. సరళ కళ్ళు చెమర్చాయి. బొద్దింకకు ఎవరైనా భయపడతారా, వెళ్ళి దాన్ని 'గో అవే' అను అని పంపింది. అదీ ఒక పాఠమే కదా.

ఆ వీడియోను రావల్కోల్‌కు పంపి వెంటనే ఫోను చేసింది. మనవరాలి మాటలు విని తల్లి ముచ్చటపడాలని ఆశ. బాలనర్సమ్మ నిజంగానే ముచ్చటపడింది.

"మంచిగ మాట్లాడుతాంది. గింతకూ ఏమంటాంది బిడ్డా?"

తల్లితో మాట్లాడేటప్పుడు సరళ నోరు తనకు తెలియకుండానే ఊరికి పోతుంది. నవ్వుతూ చెప్పింది.

"వాళ్ళ నాయిన బూటుల పురుగున్నదంట."

అంటూనే ఆగిపోయింది. ఆ యాసలో ఆ మాట తన చెవికే తగిలింది. రావల్కోల్‌లో పొద్దుగూకాక పాము పేరు ఎవరూ ఎత్తరు, ఎత్తితే వస్తుందని భయం. పురుగంటారు. చిన్నప్పుడు తనూ పొలం గట్టు మీద ఆ మాటే అరిచి నాయిన మెడ పట్టుకుని ఎగబాకింది. ఎలా మరిచిపోయింది?

అవతల బాలనర్సమ్మ గొంతు మారింది.

"పొద్దుమీకినంక పురుగంటే ఏందో నేనే జెప్పిన దానికి. పిల్ల యాడున్నది?"

వంటింటి కిటికీలోంచి వరండా కనిపిస్తుంది. సహస్ర బూటు ముందు గొంతుక్కూర్చుని, శ్రద్ధగా, 'గో అవే, గో అవే' అంటోంది. బూటు మూతి మీద చెయ్యి ఉంది. అరిస్తే లోపలిది కదులుతుందేమోనని సరళ గొంతు అణచుకుని పిలిచింది.

"సహస్రా, చెయ్యి దియ్యి బిడ్డా. ఇటు రా."

పిల్ల విన్నది. విన్నట్టు భుజం కదిలింది. కానీ తెలుగులో పిలిస్తే ఏం చేయాలో ఆమెకు బాగా తెలుసు. బూటు వైపే చూస్తూ కూర్చుంది. ఈసారి తప్పు చేసింది అమ్మ కదా అని పెదవుల మీద సన్నని నవ్వు.

సరళ ఇంగ్లీషు మాట కోసం తడుముకుంది. ఇన్నాళ్ళూ తను నేర్పిన మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. ఫోను వదిలేసి పరుగెత్తింది. వరండా తలుపు తీసేసరికి సహస్ర చెయ్యి బూటు లోపల ఉంది.