మిద్దె మీది మన్ను

ఎక్కడో ఉత్తరాన క్వెట్టాలో భూమి కంపించి వేలమంది పోయారన్న వార్త ఆదోనికి చేరినప్పటి నుంచి జయమ్మకు కంటి మీద కునుకు లేదు. పడుకుంటే నెత్తిమీది దూలాలే కనబడేవి. ఆ దూలాల కిందే, పురిటి గదిలో, ఆమె కూతురు శాంతకుమారి ఏడు రోజుల పసిగుడ్డుతో ఉంది.

ఇక ఆ మట్టి మిద్దె సంగతి చెప్పాలా! ఏటా వానలకు ముందు పాత మన్ను తీయకుండా దాని మీదే నీరు దిగనివ్వని కొత్త చౌడుమన్ను పరచడం ఆ ఇంటి ఆనవాయితీ. తాత పరిచాడు, తండ్రి పరిచాడు, ఇప్పుడు పత్తి వ్యాపారం చేసే జయమ్మ భర్త మల్లికార్జునయ్య పరుస్తున్నాడు. తన మిద్దె ఒక్క చుక్క కారదని మీసం మెలేసేవాడు కూడాను.

ఆమె పోరు పడలేక ఆయన తాపీమేస్త్రీ సుంకప్పను పిలిపించాడు. సుంకప్ప కిందటేటి బీహారు భూకంపం తర్వాత అక్కడికి పోయి గోడలు కట్టి వచ్చినవాడు. మిద్దె మీద గడ్డపార దించి చూశాడు. గోడను తట్టి చూశాడు.

"మూరన్నర మన్నుందప్పా. గోడలో లోపలి వరసనీ బయటి వరసనీ కలిపే రాయి ఒకటీ లేదు. ఆడ ఇట్లాంటి ఇండ్లే జనాన్ని మింగినాయి. జానెడుంచి మిగతా మన్నంతా దింపేయండి. కట్టురాళ్ళు నేనేస్తా."

ఆ మాట విని మల్లికార్జునయ్య కూడా భయపడ్డాడు, కాదనలేం. మరునాడే కూలీలను పెట్టాడు. పగలంతా పైన పారల చప్పుడు వింటూ ఆమె ఊరట పడింది.

సాయంత్రం పురిటి గదిలో దూలం కిర్రుమంది. పసివాడి చెంప మీద సన్నగా మన్ను రాలింది. జయమ్మ నిచ్చెనెక్కి చూసింది. పక్కనే ఉన్న పత్తి కొట్టు మీద మన్ను జానెడుకు తగ్గింది. తీసిన మన్నంతా పురిటి గది మీద చదునుగా పరిచి ఉంది!

"మంచి చౌడు పారబోస్తే మళ్లా యాడ దొరుకుతాది?" అన్నాడు కింద నుంచి మల్లికార్జునయ్య, ఏదో తెలివైన పని చేసినట్టు. "కొట్లో పత్తి బేళ్లుండాయి. ముందు వాటిని కాపాడుకోవల్ల. ఈ గది చల్లగా కూడా ఉంటాది."

జయమ్మ దిగివచ్చి పసివాణ్ణి ఎత్తుకుంది. కూతురి చెయ్యి పట్టుకుని, పురిటి మైలతోనే, లక్ష్మీదేవి పటమున్న పత్తి కొట్లోకి నడిచింది. ఆ ఇంట్లో అంత పని ఏ ఆడదీ చేసి ఉండదు. బేళ్ల మధ్య దుప్పటి పరిచి బాలింతను పడుకోబెట్టింది.

"అపచారం! మైలతో దేవత దగ్గరికా? బయటికి రాండి!" అని గడపలో నిలబడి అరిచాడాయన.

"రాము." అంది జయమ్మ. "పత్తికి భద్రమైన తావు మీరే చూసినారు. నా బిడ్డలూ ఈడే ఉంటారు. మైల తగలగూడదంటే దేవత పటం తీసుకోని మీరే ఆ గదిలో పండుకోండి."

మల్లికార్జునయ్య పురిటి గది వైపు చూశాడు. అటు ఒక్క అడుగు కూడా వేయలేకపోయాడు.