మధ్య పెట్టె

ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో చేరిన మొదటి వారమే ఓనరు ఒక కిటుకు నేర్పాడు. ఎవరైనా ఫ్రేము అడిగితే చౌకది ఒకటి, మధ్యరకం ఒకటి, కళ్ళు తిరిగే ధరది ఒకటి పక్కపక్కన పెట్టాలి.

"మూడోది అమ్ముడుపోదమ్మా. అది ఉన్నది రెండోదాన్ని అమ్మిపెట్టడానికి," అన్నాడు.

నిజమే. చౌకది తీసుకోవడానికి మొహమాటం, ఖరీదైనదానికి ధైర్యం చాలదు. చెయ్యి దానంతటదే మధ్యకు పోతుంది. తొమ్మిదేళ్ళుగా ఆ చేతుల్ని చూసి ఆమె లోలోపల నవ్వుకుంటూనే ఉంది.

ఈమధ్య తండ్రికి చెవులు బొత్తిగా మొండికేశాయి. పాలు పొంగుతున్నాయంటే "ఎవరొచ్చారూ?" అంటూ తలుపు తీస్తున్నాడు. సెలవు రోజు చూసుకుని, చెవి మిషన్లు అమ్మే చోటికి ఆయన్ని తీసుకెళ్ళింది. పరీక్ష చేసిన అమ్మాయి బల్ల మీద మూడు పెట్టెలు తెరిచి పెట్టింది. చూడగానే ఆమెకు సంగతి అర్థమైపోయింది.

మొదటిది పెట్టించుకుని తండ్రి, "బాగానే వినపడుతోంది తల్లీ. ఇదుగో, ఫ్యాను చప్పుడు కూడా," అన్నాడు. రెండోది పెట్టినా అదే మాట. "రెండూ ఒకటేనమ్మా. చవకది చాల్లే."

"మీ ఇష్టం మేడమ్," అంది ఆ అమ్మాయి మెత్తగా. "చాలామంది మాత్రం రెండోదే తీసుకుంటారు. రేపు అయ్యో అనుకోనక్కర్లేదు."

రోజుకు పదిసార్లు తను అనే మాటే అది. చౌకదే ఇవ్వమందామని నోరు తెరిచింది. అంతలో తండ్రి చొక్కా చిరుగు కాలరు కంటపడింది. కన్నతండ్రి దగ్గరా పిసినారితనం అని లోపల ఏదో కలుక్కుమంది. కిటుకు తెలుసు, అది ఎక్కడ పట్టుకుంటుందో తెలుసు, విడిపించుకోవడమే చేతకాలేదు.

"మధ్యది ఇవ్వండి," అంది. రెండు నెలల జీతం. వాయిదాల కాగితం మీద సంతకం పెట్టింది.

బస్సులో తండ్రి ఎంతయిందని అడిగాడు. సగం తగ్గించి చెప్పినా నోరెళ్ళబెట్టాడు. ఇంటికి రాగానే మిషన్ తీసి, మెత్తటి గుడ్డలో చుట్టి, బీరువాలో బట్టల కింద పెట్టాడు.

"అంత డబ్బు పోసింది రోజూ వాడితే పాడైపోదూ? ఎవరైనా వచ్చినప్పుడు పెట్టుకుంటాలే."

"నేను మాట్లాడేది వినపడాలనే కదా నాన్నా కొన్నది!"

"ఆఁ?"

ఆమె గొంతు పెంచి మళ్ళీ చెప్పింది. ఆయన తృప్తిగా తలూపాడు. "వేశానమ్మా, తాళం వేశాను."

బతిమాలింది, అలిగింది, ఒకరోజు ఏడ్చింది కూడా. ఆయన వినలేదు. మొదటి వాయిదా కట్టి వచ్చిన సాయంత్రం కూడా, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి భోజనానికి రమ్మని అరిచింది.