ఎడమ భుజం మీది బల్లి

నేను ఒక నల్ల కోటును. నన్ను పోగొట్టుకున్న రోజు తరళ చాలా సంతోషంగా ఉంది. ముందు ఆ మాట చెప్పాలి.

విశాఖపట్నంలో ఒక మాల్‌లో కొత్త దుకాణం తెరిచారు. నల్ల గోడలు, నల్ల బొమ్మలు, పైన ఎర్ర దీపాలు. దేశమంతటా అలాంటి దుకాణాలు ఉన్నాయట. లోకం మీద తిరగబడ్డ పిల్లల బట్టలను, లోకంతో ఏ తగాదా లేని పిల్లలకు అమ్మడం వాళ్ళ వ్యాపారం. ప్రారంభం రోజున పాడమని తరళను, ఆమె స్నేహితులను పిలిచారు. పాట అయ్యాక కంపెనీ మనిషి ఒకడు వచ్చి నా భుజం నిమిరాడు.

"ఈ కోటు రెండ్రోజులు అద్దాల పెట్టెలో పెడతాం చెల్లెమ్మా. కింద నీ పేరు రాస్తాం. తర్వాత తీసుకెళ్ళిపో" అన్నాడు.

తరళ నన్ను విప్పి ఇచ్చింది. పేరు ఎవరూ రాయలేదు. నన్ను ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఆ మనిషి వేళ్ళు నాకు ఇంకా గుర్తే.

నిజానికి నేను తిరగబడటానికి పుట్టలేదు. వాల్తేరులో ఒక దర్జీ నన్ను తరళ తాతయ్య కోసం కుట్టాడు. ఆయన రైళ్ళలో టికెట్ కలెక్టరు. నన్ను దూరం నుంచి చూడగానే టికెట్ లేనివాళ్ళు మరుగుదొడ్లలో దూరేవారు. భయపెట్టడం నాకు అప్పుడే అలవాటైంది. ఆయన పెన్ను కారి నా లోపలి జేబులో సిరా మరక పడింది. ఆయన పోయాక కలరా ఉండల మధ్య బీరువాలో చాలా ఏళ్ళు పడి ఉన్నాను.

కాలేజీలో చేరిన ఏడాది తరళ నన్ను బయటికి తీసింది. పిన్నీసులు గుచ్చింది, గొలుసు వేలాడదీసింది. బస్సులో జనం ఊరుకుంటారా? "ఏటమ్మా, చావింటికెళ్తన్నావా?" అని ఒక ముసలమ్మ అడిగితే, "లేదు మామ్మా, పాడ్డానికెళ్తన్నాను" అంది తరళ. "అయితే సచ్చినోళ్ళు లెగుస్తారేమో" అంది ముసలమ్మ. బస్సంతా నవ్వింది. తరళ కూడా నవ్వింది.

తాతయ్య పాత పంచె ముక్క మీద తరళ ఒక బల్లి బొమ్మ వేసింది. దాన్ని నా కుడి భుజం మీద కుట్టమని వాళ్ళమ్మను అడిగింది. అమ్మ పేరు కనకవల్లి. హైస్కూల్లో తెలుగు టీచరు. తరళ తప్ప ఇంట్లో కూడా అందరూ టీచర్ అనే పిలుస్తారు.

"కుడి భుజం వద్దే. ఆడపిల్లకి ఎడమవైపు పడితేనే మంచిదట. పంచాంగంలో చూసేను."

"గుడ్డ బల్లికి కూడా శాస్త్రమేటమ్మా?"

"బల్లి బల్లే."

ఎడమ భుజం మీదే కుట్టింది. కాకపోతే గుడ్డ కత్తిరించేటప్పుడు చెయ్యి జారి, బల్లి తోక తెగిపోయింది. టీచర్ కంగారు పడింది. తరళ కడుపు పట్టుకుని నవ్వింది. "బల్లి కదమ్మా! తోక వదిలేసి తప్పించుకుంది. ఆ తోక ఇక్కడ కుట్టీ" అని ఎడమ చేతి అంచు చూపించింది. తోక అక్కడ చేరింది. తన మాట కూడా నెగ్గాలని తరళ, కుడి భుజం మీద ఇంకో బల్లికి తెల్లదారంతో తనే టాకాలు వేసి ఆకారం గీసింది.

"దీన్ని పరీక్ష పేపర్లు దిద్దేక కుడతాను" అంది టీచర్.

ఇంతలోనే నేను అద్దాల పెట్టెలోకి వెళ్ళిపోయాను. కొన్నాళ్ళకు ఒక పొద్దున అట్టపెట్టెలు తెరిచి కోట్లు తగిలించారు. అన్నీ నేనే. ఎడమ భుజం మీద తోక లేని బల్లి. చేతి అంచున తోక. కుడి భుజం మీద తెల్ల టాకాలు. ఒక తల్లి చెయ్యి జారిన పొరపాటును, ఒక పిల్లకు మిగిలిపోయిన పనిని కూడా వదలకుండా మిషన్ మీద కుట్టించారు. లోపలి సిరా మరక ఒక్కటే వాళ్ళకు దొరకలేదు. నా లోపల ఏముందో చూద్దామని వాళ్ళకు తోచలేదు. ఆ రోజు నుంచి ఆ దుకాణం కూలిపోవాలని కోరుకుంటూనే ఉన్నాను. నాకు చేతులున్నాయి గానీ, వాటి లోపల మనిషి లేడు.

ఒక ఆదివారం టీచర్ ఒక్కతే వచ్చింది. అద్దం మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"ఇది మా అమ్మాయి కోటు బాబూ. ఇప్పించండి."

మేనేజరు కుర్రవాడు. "అది కంపెనీ డిజైన్ మేడమ్. కావాలంటే అమ్మాయినే రమ్మనండి, మాట్లాడదాం" అన్నాడు.

"రాలేదు. వానాకాలంలో జ్వరమొచ్చి పోయింది. కోటు ఇచ్చేరా అమ్మా అని ఆసుపత్రిలో కూడా అడిగింది."

నేను ఆ సంగతి విన్నది అప్పుడే. అదీ అద్దం ఇవతలి నుంచి.

మేనేజరు తల దించుకున్నాడు. అయినా పై నుంచి ఆర్డరు రావాలన్నాడు. టీచర్ గొడవ చెయ్యలేదు. మరుసటి ఆదివారం వచ్చి, ట్రయల్ రూమ్ ముందు బల్ల మీద కూర్చుంది. ఆపై ప్రతి ఆదివారమూ వచ్చింది. ఎవరు నా నకలు తొడుక్కుని బయటికి వచ్చినా మెల్లగా పలకరించేది. ఒకసారి ఆమె స్కూలు పిల్లే వచ్చింది.

"టీచర్! మీరిక్కడేటి? ఎలా ఉంది నాకు? ఈ తోక చేతి దగ్గర పెట్టడం భలే ఐడియా కదా!"

"నా కత్తెర ఐడియా అమ్మా అది" అంది టీచర్. తర్వాత పాఠం చెప్పినట్టే, ఒక్క మాట ఎక్కువ లేకుండా, జరిగిందంతా చెప్పింది. ఆ పిల్ల కోటు విప్పి, మడతపెట్టి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. వెనక నిలబడ్డ ఇద్దరు కూడా విప్పేశారు. ఒక అబ్బాయి మాత్రం "అయితే ఏంటంట?" అని కొనుక్కునే పోయాడు. అతని ముఖం నేను మరచిపోను. టీచర్ మరచిపోయిందేమో తెలియదు.

"బేరాలు చెడగొడుతున్నారు మేడమ్" అన్నాడు మేనేజరు.

"అబద్ధం ఒక్కటి చెప్పేనా? నాకు ఆదివారాలు ఇంట్లో పనేమీ లేదు బాబూ. మళ్ళీ వస్తాను."

చివరికి అతనే తాళం తీశాడు. "ఈ పాత కోటు తీసుకెళ్ళిపోండమ్మా. మళ్ళీ రాకండి." నన్ను ఆమె చేతుల్లో పడేశాడు. ఆమె నన్ను తిప్పి, లోపలి జేబులో వేలు పెట్టి, మరక ఉందో లేదో చూసుకుంది. థాంక్స్ చెప్పలేదు. పిల్లలకు మర్యాద నేర్పే మనిషి ఆ ఒక్క మాట మింగేయడం నాకు తృప్తినిచ్చింది. కానీ ఆ తృప్తి నాకు చాలలేదు. మిగతా ఊళ్ళలో నా నకళ్ళు ఇంకా అమ్ముడవుతూనే ఉన్నాయి. వాటి కుట్లన్నీ పిగిలిపోవాలి. ఆ బల్లులన్నీ రాలిపోవాలి. టీచర్ క్షమిస్తే క్షమించనీ, నేను క్షమించను.

ఇప్పుడు నేను తరళ కుర్చీ వీపున వేలాడుతున్నాను. పక్కన తాతయ్య పంచె ముక్క ఉంది, సూదిలో తెల్లదారం ఎక్కించి ఉంది. కుడి భుజం మీద బల్లి పూర్తయితే, ఆ నకళ్ళలో ఒక్కటి కూడా నాలా ఉండదు. ఆ సంగతి టీచర్‌కి తెలుసు. ఒక్కోసారి నన్ను ఒళ్ళోకి తీసుకుని ఆ టాకాల మీద వేలు నడుపుతుంది. మళ్ళీ కుర్చీకి తగిలించేస్తుంది.

పరీక్ష పేపర్లు దిద్దడం ఎప్పుడో అయిపోయింది. రెండో బల్లిని ఆమె ఇంకా కుట్టలేదు.